ముక్కాలి పీట మీద ట్రాక్టర్



మన అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా చిన్న ట్రాక్టర్లే. 15 నుంచి 25 హార్స్‌పవర్ లోపు బండ్లు. పెద్ద ట్రాక్టర్ సాళ్లలోకి దూరితే కొమ్మలు విరుగుతాయి, పిందె రాలుతుంది. చిన్నదైతే వంగిన కొమ్మల కింద నుంచి కూడా రోటవేటర్ వేసుకుని పోతుంది, మందు కొట్టే ట్యాంకు లాగుతుంది, సాయంత్రానికి ఎరువు బస్తాలు కూడా మోస్తుంది. ఇంట్లో మనిషి లాగా కలిసిపోయింది.

అలా కలిసిపోయింది కాబట్టే దాని దగ్గర మనకు చనువు ఎక్కువైంది. పెద్ద ట్రాక్టర్ కిందికి పోవడానికి జంకే మనిషి కూడా, చిన్నదానికి ఒక జాకీ ఆనించి, పక్కన రెండు ఇటుకలు తోసి, వీపు కింద గోనె సంచి వేసుకుని లోపలికి దూరిపోతాడు. ఈ చనువు గురించే ఈ రోజు చెప్పాలనుకుంటున్నాను. చిన్న ట్రాక్టర్ అంటాం గానీ, ఏ పరికరమూ తగిలించకుండా తూచినా అది సుమారు 600 నుంచి 900 కిలోలు ఉంటుంది. వెనక టైర్లలో నీళ్లు పట్టించి ఉంటే ఇంకా ఎక్కువ. మనిషి రొమ్ము మీద పడితే అందులో పదో వంతు బరువు కూడా ప్రమాదమే.

గేరుబాక్సు ఆయిల్ మార్చడమే తీసుకోండి, అది అందరూ చేసుకోగలిగిన పనే. ఎవరి సెల్ఫోన్ వాళ్లు చార్జింగ్ పెట్టుకున్నంత తేలిక కాదు గానీ, ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. అయితే మొదట ఒక ప్రశ్న వేసుకోండి. అసలు బండిని పైకి లేపాలా?

చాలా చిన్న ట్రాక్టర్లలో ఆయిల్ దించే ప్లగ్గు హౌసింగ్ అడుగున ఉంటుంది. పక్క నుంచి చేయి పెడితే అందుతుంది. మనకు వచ్చే ఇబ్బంది ఒక్కటే: కింద జానెడు ఎత్తే ఉంటుంది, ఆయిల్ పట్టే తట్ట దూరదు. అందుకని బండినే లేపుతాం. కానీ తోటలో మెత్తటి నేల మీద ఉన్నప్పుడు బండిని లేపడం కన్నా తట్టను దించడం తేలిక కదా! ప్లగ్గుకు సరిగ్గా కింద వచ్చే చోట ముందుగానే మూరెడు వెడల్పున, జానెడు లోతున గుంత తీయండి. తట్ట అందులో కూర్చోబెట్టండి. అప్పుడు ట్రాక్టర్‌ను గుంతకు అటూ ఇటూ చక్రాలు వచ్చేలా నడిపి ఆపండి. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంటాయి. జాకీతో పనే లేదు. ఎవరైనా ఆయిల్ మార్చుకుంటానని అడిగితే నేను మొదట చెప్పేది ఈ పద్ధతే. పార పట్టడం వచ్చిన వాళ్లకు ఇది పది నిమిషాల పని.

ఇంకో మాట కూడా ఉంది. వెనక భాగం ఒక్కటే లేపితే లోపలున్న ఆయిల్ ముందుకు జారుతుంది. అడుగు ప్లగ్గు వెనక హౌసింగ్‌లో ఉంటే, పాత ఆయిల్ కొంత గేరుబాక్సు వైపే నిలిచిపోతుంది. కొన్ని బండ్లకు ప్లగ్గులు రెండు మూడు చోట్ల ఉంటాయి. మీ బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు. ఆ పుస్తకాన్ని బీరువాలో దాచకండి, టూల్‌బాక్సులో పెట్టండి.

మరి లేపక తప్పని సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. నేల రాతి పొర అయితే గుంత తవ్వలేం. ఆయిల్‌తో పాటే యాక్సిల్ సీలు కూడా మార్చాలంటే వెనక చక్రం విప్పాలి. హౌసింగ్ అడుగున ఉన్న, ఆయిల్ వడకట్టే జల్లెడను తీసి కడగాలంటే మోచేయి ఆడేంత చోటు కావాలి. అప్పుడు లేపాల్సిందే. ఇక్కడి నుంచి కొంచెం నిదానంగా వినండి.

నేను పని నేర్చుకునే రోజుల్లో జరిగింది చెబుతాను. మధ్యాహ్నం వేళ ఒక బండి వెనక భాగం లేపాను. ఆయిల్ జాకీ ఒక్కటే పెట్టాను, వేరే ఆసరా ఏదీ పెట్టలేదు. ప్లగ్గు విప్పి, కింద రేకు తట్ట పెట్టి, ఆయిల్ కారేదాకా ఎందుకు ఖాళీగా ఉండాలని అన్నం తినడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి బండి నాలుగు వేళ్ల మందం కిందికి దిగి ఉంది. చప్పుడు లేదు, ఎవరూ ముట్టుకోలేదు. జాకీ లోపల సీలు అరిగి, నూనె మెల్లగా వెనక్కి జారుతూ ఉంది, అంతే. తట్ట అంచు హౌసింగ్ కింద నలిగి వంగిపోయింది. నేను అన్నానికి పోకుండా అక్కడే పడుకుని జల్లెడ విప్పుతూ ఉంటే, ఆ తట్ట ఉన్న చోట నా తల ఉండేది. ఆ వంగిన తట్టను చాలా ఏళ్లు పారేయలేదు. షెడ్డు గోడకు తగిలించి పెట్టుకున్నాను. కొత్తగా పనికి వచ్చిన ప్రతి పిల్లవాడికీ మొదటి రోజే దాన్ని చూపించేవాణ్ని.

జాకీ ఉన్నది లేపడానికి. మోయడం దాని పని కాదు. లేపిన బరువును మోయడానికి వేరే కాళ్లు కావాలి. ఇనుప స్టాండ్లు గానీ, చెక్క దొంతర గానీ పెట్టాకే మనిషి కిందికి పోవాలి.

ఇప్పుడు అసలు విషయం. ట్రాక్టర్‌కు నాలుగు చక్రాలు ఉంటాయి కాబట్టి మంచం లాగా నాలుగు కాళ్ల మీద నిలబడిందని అనుకుంటాం. అది నిజం కాదు. ముందు యాక్సిల్‌ను ఒకసారి గమనించండి. ఆ దూలం మధ్యలో ఒకే ఒక పిన్ను ఉంటుంది. గట్టు ఎక్కేటప్పుడు ఒక ముందు చక్రం లేచి, ఇంకొకటి కిందికే ఉండేలా ఆ పిన్ను మీద దూలం అటూ ఇటూ ఊగుతుంది. అంటే ట్రాక్టర్ ముందు బరువంతా ఒక్క చోటే, ఆ పిన్ను మీదే ఆనుకుని ఉంది. వెనక రెండు చక్రాలు, ముందు ఒక పిన్ను. మీ ట్రాక్టర్ ముక్కాలి పీట!

ఇప్పుడు వెనక భాగాన్ని నడుమ ఒక జాకీతో లేపారనుకోండి. వెనక రెండు కాళ్లూ పోయి, వాటి బదులు జాకీ తల ఒక్కటే మిగిలింది. ముందు పిన్ను, వెనక జాకీ. ముక్కాలి పీట రెండు కాళ్ల మీద నిలబడింది. రెండు కాళ్ల పీట మీద ఎవరైనా కూర్చుంటారా? ముందు టైర్లు రెండూ నేలకు గట్టిగా ఆనుకునే ఉంటాయి, చూసేవాళ్లకు అంతా బాగానే కనబడుతుంది. కానీ పిన్ను మీద బండి మొత్తం పక్కకు దొర్లడానికి సిద్ధంగా ఉంటుంది. బిగిసిపోయిన ప్లగ్గు కోసం కింద పడుకుని స్పానర్‌ను ఒక్క గుంజు గుంజితే చాలు.

దీనికి మందు చాలా చిన్నది. ముందు దూలానికీ, దాని పైనున్న సపోర్టుకూ మధ్య రెండు పక్కలా ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీల్లో గట్టి ఏటవాలు చెక్క ముక్కలు, అటొకటి ఇటొకటి, సుత్తితో బిగుతుగా కొట్టండి. దూలం ఊగడం ఆగిపోతుంది. అప్పుడు ముందు వైపు నిజంగానే రెండు కాళ్లు వచ్చినట్టు. జాకీ కిందికి తోయకముందే ఈ పని అయిపోవాలి. గేరుబాక్సును ఇంజన్ నుంచి విడదీసే పెద్ద పనుల్లో మెకానిక్కులు ఇది తప్పకుండా చేస్తారు. చిన్న పనులకు మాత్రం ఎందుకో వదిలేస్తారు. పని పూర్తయ్యాక ఆ చెక్కలు తీయడం మరిచిపోకండి. అవి ఉండగా గట్టు ఎక్కిస్తే దూలం ఊగదు, బండి తిరగబడే ప్రమాదం ఉంది. అందుకే నేను వాటికి ఎర్రగుడ్డ కట్టి, ఆ గుడ్డ కొసను స్టీరింగ్‌కు ముడి వేస్తాను.

ఇక హ్యాండ్ బ్రేకు సంగతి. చాలామంది బ్రేకు లాగి, గేరులో పెట్టి నిశ్చింతగా ఉంటారు. మన ట్రాక్టర్లలో ఆ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. ఆ వెనక చక్రాలే గాలిలో ఉంటే అది దేన్ని పట్టుకుంటుంది? ఒక్క పక్కే లేపినా గేరును నమ్మడానికి లేదు. లోపలున్న డిఫరెన్షియల్ వల్ల గాలిలో ఉన్న చక్రం వట్టిగా తిరుగుతుంది, నేల మీదున్నది దొర్లిపోతుంది. కాబట్టి ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి. రెండింటికీ, ముందూ వెనకా. గుండ్రాయి పెడితే అదే దొర్లుతుంది. ఏటవాలుగా కోసిన చెక్క దిమ్మ అయితే టైరు దాని మీదికి ఎక్కబోయి ఆగిపోతుంది. తోటలో అయితే డ్రిప్ పైపు అడ్డు కింద పడకుండా చూసుకోండి. పైపు నలగడం ఒక నష్టం, దాని మీద అడ్డు జారడం ఇంకో నష్టం.

నాలుగు చక్రాలకూ పవర్ పోయే బండి ఉన్నవాళ్లు ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వెనక లేపి ఉండగా ఇంజన్ స్టార్ట్ చేసి గేరులో వేస్తే, ముందు చక్రాలు బండిని స్టాండ్ల మీద నుంచి లాగేస్తాయి. కొత్త ఆయిల్ లోపలంతా తిరగాలని కొందరు ఇలా చేయబోతారు. వద్దు. బండిని కిందికి దించాకే ఇంజన్ వేయండి. అందాకా తాళంచెవి మీ జేబులో ఉండాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే బ్యాటరీ టెర్మినల్ కూడా విప్పి పెట్టండి.

నేల గురించి చెబుతాను. మన దగ్గర షెడ్డుల్లో తాడిపత్రి బండలు, కడప బండలు పరిచి ఉంటాయి. నున్నగా, సమంగా ఉన్నాయని వాటి మీద జాకీ పెడతాం. బండ కింద మట్టి కుంగి ఖాళీ ఉంటే, జాకీ నడిమధ్యన నొక్కగానే అది ఫట్టున విరుగుతుంది. ముందు సుత్తితో తట్టి చూడండి. బోలుగా మోగితే అక్కడ వద్దు. తోటలో ఎర్రనేల అయితే పైన గట్టిగా కనబడి లోపల గులకరాళ్లు కదులుతాయి. తాడిపత్రి, గుత్తి పక్క నల్లరేగడిలో పైన పెళ్ల గట్టిగా ఉన్నా లోపల మెత్తన. చిన్న లెక్క చెప్పనా? లేపేటప్పుడు జాకీ మీద 400 కిలోల బరువు పడిందనుకుందాం. జాకీ అడుగు పది సెంటీమీటర్ల చదరం అయితే, నేల మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ 4 కిలోలు నొక్కుతాయి. మెత్తటి నేలలో అది దిగబడుతుంది. అదే జాకీ కింద 30 సెంటీమీటర్ల చదరంగా, మూడు వేళ్ల మందం ఉన్న పలక వేస్తే, ఆ నొక్కుడు అర కిలో కంటే తక్కువకు పడిపోతుంది. బరువు అదే, పలక ఒక్కటే తేడా. స్టాండ్ల కాళ్ల కింద కూడా ఇలాంటి పలకలే వేయాలి.

జాకీని ఎక్కడ ఆనించాలి? వెనక యాక్సిల్ హౌసింగ్ పోత ఇనుముతో చేసినది, గట్టిది. దాని కింద, చక్రానికి దగ్గరగా ఆనించవచ్చు. ఒక్కో పక్కా కొంచెం కొంచెంగా లేపాలి. ఈ పక్క రెండు వేళ్ల ఎత్తు లేపి ఆసరా పెట్టడం, ఆ పక్క రెండు వేళ్లు లేపి ఆసరా పెట్టడం. నడుమ ఒకే చోట నుంచి లేపడం తొందరగా అవుతుంది గానీ, ఇందాక చెప్పిన రెండు కాళ్ల పీట గుర్తు చేసుకోండి. జాకీ తలకూ హౌసింగ్‌కూ మధ్య పల్చటి చెక్క ముక్క పెట్టండి. ఇనుము మీద ఇనుము, పైగా ఆయిల్ జిడ్డు ఉంటే జారుతుంది. బ్రేకు రాడ్ల కింద, ఆయిల్ పైపుల కింద, అడుగు ప్లగ్గు కింద, రేకు భాగాల కింద జాకీ పెట్టకండి. ఎంత లేపాలంటే పనికి సరిపడేంతే. నాలుగైదు అంగుళాలతో పని అయ్యేచోట అడుగు ఎత్తు లేపడం ఎందుకు?

లేపేటప్పుడు ఇద్దరు ఉండండి. ఒకరు జాకీ కొట్టాలి. ఇంకొకరు దూరంగా నిలబడి ముందు చక్రాలను, అడ్డుదిమ్మలను, జాకీ వంగుతోందా లేదా అన్నదాన్ని చూస్తూ ఉండాలి. ఆ చూసే మనిషి 'ఆపు' అంటే ఆపాలి. ఆ మనిషి మీ భార్య అయినా, పదో తరగతి చదివే కొడుకైనా సరే, ఎందుకు అని అడగకుండా ముందు ఆపండి, తరువాత అడగండి.

ఆసరాకు ఏం వాడాలి? ఇనుప స్టాండ్లు ఉంటే మంచిదే. వాటి మీద రాసిన బరువు చూసి జతగా కొనండి. లేకపోతే తుమ్మ దిమ్మలు వాడుకోండి. గుండ్రటి మొద్దులు కాదు, నాలుగు పక్కలా చెక్కిన దిమ్మలు. రెండు ఇటు, వాటి మీద రెండు అటు, అడ్డదిడ్డంగా పేర్చాలి. దొంతర ఎత్తు దాని వెడల్పు కన్నా మించకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు మాత్రం వద్దు. ముఖ్యంగా లోపల బోలుగా ఉండే సిమెంటు దిమ్మలు. గోడలో వాటి మీద ఇంటి బరువంతా ఉంటుంది కదా అని మీరు అడుగుతారు. గోడలో బరువు సమంగా పరుచుకుంటుంది. ఇక్కడ ఇనుప అంచు ఒక్క గీతలో నొక్కుతుంది. చెక్క విరిగేముందు కిర్రుమంటుంది, నలుగుతుంది, ఏదో ఒక సూచన ఇస్తుంది. సిమెంటు దిమ్మ ఏమీ చెప్పదు. నిమిషం క్రితం వరకు దిమ్మగా ఉన్నది మరుక్షణం పొడి అవుతుంది.

ఆసరా పెట్టి, జాకీని వదులు చేసి, బరువంతా వాటి మీదికి దిగాక, మీరు కిందికి పోకముందే ట్రాక్టర్‌ను పక్క నుంచి రెండు చేతులతో తోయండి. గట్టిగానే తోయండి. కదిలితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. పడేదే అయితే మీరు బయట ఉన్నప్పుడే పడనివ్వండి. కదలకపోతే జాకీని మళ్లీ కొంచెం పైకి కొట్టి హౌసింగ్‌కు తాకేలా వదిలేయండి. చక్రం విప్పి ఉంటే దాన్ని అడ్డంగా బండి కింద పడుకోబెట్టండి. ఎప్పుడైనా ఆసరా పోయినా బండి దాని మీద ఆగుతుంది, మీకు ఊపిరాడే చోటు మిగులుతుంది.

ఇప్పుడు ఆయిల్ పని. నిజానికి ఇందులో ఒక భాగం బండి లేపకముందే అయిపోవాలి. రోటవేటర్ తగిలించి ఉంటే విప్పేయండి, లిఫ్టు చేతులు పూర్తిగా కిందికి దించండి. చాలా చిన్న ట్రాక్టర్లలో గేరుబాక్సుకూ లిఫ్టుకూ ఒకటే ఆయిల్. చేతులు పైకి ఉంటే కొంత ఆయిల్ సిలిండర్‌లోనే ఉండిపోతుంది. లిఫ్టు మీద వేలాడుతున్న పరికరం కింద కూర్చోవడం ఇంకా ప్రమాదం, మీటకు చేయి తగిలితే చాలు దిగిపోతుంది. ఆయిల్ పోసే పై మూత ముందుగా విప్పండి. కింద ప్లగ్గు తీసి ఆయిలంతా దించేశాక పై మూత రాకపోతే, ఖాళీ గేరుబాక్సుతో బండి అక్కడే నిలిచిపోతుంది. అడుగు ప్లగ్గు చేతికి అందితే చక్రాలు నేల మీద ఉన్నప్పుడే స్పానర్‌తో ఒక్క పావు తిప్పు వదులు చేసుకోండి. కిందికి పోయాక గుంజే అవసరమే రాదు.

ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించితే మురికి కూడా దానితో పాటే వస్తుంది. పనిచేసి వచ్చిన వెంటనే అయితే చేయి కాలుతుంది, ఓ అరగంట ఆగండి. వచ్చిన ఆయిల్‌ను చూడకుండా డబ్బాలో పోయకండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. మడిలోనో, వానలోనో సీలు దగ్గర దారి దొరికిందన్నమాట. ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్న మెత్తటి నల్లటి పిండి మామూలే. గోరంత ఇనుప ముక్కలు కనబడితే మాత్రం కొత్త ఆయిల్ పోసి సరిపెట్టుకోకుండా గేర్లు చూపించండి.

ఏ ఆయిల్ పోయాలన్నది పుస్తకం చెప్పినట్టే. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న బండికి ట్రాక్టర్ల కోసమే తయారుచేసిన ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కావాలి. పక్కింటి లారీకి పోసిన గేరాయిల్ మిగిలింది కదా అని పోస్తే బ్రేకులు కీచుమంటాయి, సరిగా పట్టవు. ప్లగ్గు కింద రాగి వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి. దాని ఖరీదు టీ ఖర్చు అంత. పాత ఆయిల్‌ను మూతున్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి. బోరు దగ్గర, చెట్ల పాదుల్లో పోయకండి.

ఆయిల్ మట్టం చూసే కొలపుల్లను మాత్రం బండిని కిందికి దించాకే చూడాలి. వెనక లేచి ఉండగా చూస్తే లెక్క తప్పుతుంది. ముందు చెక్కలు తీయండి, ఎర్రగుడ్డ ముడి విప్పండి, అడ్డుదిమ్మలు చివరన తీయండి. సమంగా ఉన్న చోట నిలిపి ఇంజన్ వేసి, లిఫ్టు చేతులను రెండు మూడు సార్లు ఎత్తి దించి, ఇంజన్ ఆపి, కాసేపు ఆగి కొలపుల్ల తుడిచి చూడండి. తక్కువైతే కొంచెం కొంచెంగా పోయండి.

ఈ పనులు చేతితో చేసి నేర్చుకోవాలనుకునే పిల్లలకు మన జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. అక్కడ ట్రాక్టర్ నడపడం, బాగుచేయడం నేర్పుతారు. ఇంట్లో ట్రాక్టర్ మీద ఇష్టం ఉన్న కుర్రవాళ్లు ఉంటే ఒకసారి పంపండి.

ఆయిల్ మార్చిన రాత్రి బండిని నిలిపేటప్పుడు ప్లగ్గు కింద ఒక పాత పేపరు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. తెల్లవారి టీ తాగేముందు దాన్ని చూడండి. పేపరు పొడిగా ఉంటే తోటకు పోండి. చిన్న మరక పడి ఉంటే, స్పానర్ తీసుకుని పక్క నుంచే చేయి పెట్టి ప్లగ్గును కొంచెం బిగించండి. దానికి జాకీ అక్కర్లేదు.